గిరీశానికి చెల్లిన ఇంగ్లీషు మాకెందుకు చెల్లదు?

విశ్వవిద్యాలయాల్లో దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల విద్యార్థుల గురించి మాట్లాడేటప్పుడు అధ్యాపకులు తరచుగా ఒక మాట వాడతారు: 'వీక్ స్టూడెంట్స్'. ఏ విషయంలో వీక్ అని అడిగితే చివరకు తేలేది ఇంగ్లీషే. చరిత్ర తెలియదని కాదు, ఆర్థికశాస్త్రం అర్థం కాలేదని కాదు. తెలిసినదాన్ని ఇంగ్లీషులో చెప్పలేకపోతున్నాడు, చెప్పలేకపోతున్నది. కానీ ఆ తేడా ఎవరూ పట్టించుకోరు. భాష రాకపోవడం కాస్తా బుద్ధి లేకపోవడంగా మారిపోతుంది. ఆ తర్వాత 'రిజర్వేషన్లో వచ్చినవాళ్లు కదా' అన్న మాట పైకి అనకపోయినా గదిలో అందరికీ వినిపిస్తుంది.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది ఇది. ఇంగ్లీషు సమస్య వ్యాకరణ సమస్య మాత్రమే కాదు. ఎవరి తప్పును తప్పుగా లెక్కిస్తారు, ఎవరి తప్పును చూసీ చూడనట్టు వదిలేస్తారు అన్నది కూడా దానిలో ఉంది. దీన్ని మా అనుభవం నుంచే కాక, తెలుగువాళ్లందరూ గొప్పగా చెప్పుకునే ఒక నాటకం నుంచి కూడా చూపించడానికి ప్రయత్నిస్తాం.

అగ్రహారంలో ఇంగ్లీషు

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో మొదట ప్రదర్శించబడింది, 1897లో అచ్చయింది, 1909లో పూర్తిగా తిరగరాసి వెలువరించారు. రెండు కూర్పులకూ రచయిత రాసుకున్న ముందుమాటలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాడుక భాషలో నాటకం ఎందుకు రాయవలసి వచ్చిందో కూడా ఆయన ఇంగ్లీషులోనే వాదించారు. ఇది ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తెలుగు గురించిన చర్చ కూడా ఇంగ్లీషు తెలిసినవాళ్ల మధ్యే నడిచిందని గుర్తుచేయడానికి చెబుతున్నాం.

ఆ నాటకంలో వెంకటేశం ఇంగ్లీషు చదువుకుంటున్న బ్రాహ్మణ కుర్రవాడు. పరీక్ష తప్పాడు. అతనికి చదువు చెబుతానని గిరీశం అగ్రహారానికి వెంట వస్తాడు. కొడుకు ఇంగ్లీషులో మాట్లాడితే వినాలని తల్లి ముచ్చటపడుతుంది. గురుశిష్యులిద్దరూ నోటికి వచ్చిన ఇంగ్లీషు ముక్కలు, బడిలో వల్లించిన పద్యాలు, పాఠాలు ఒకదానికొకటి పొంతన లేకుండా అప్పజెబుతారు. తల్లి మురిసిపోతుంది. తండ్రి అగ్నిహోత్రావధాన్లు ఆ చదువు ఖర్చును తిట్టుకుంటూనే ఉంటాడు, కానీ ఆ చదువు వల్ల ఉద్యోగం వస్తుందన్న ఆశ ఆ ఇంట్లో ఉంది. ప్రేక్షకులు నవ్వుతారు. వంద సంవత్సరాలకు పైగా నవ్వుతూనే ఉన్నారు.

మేమూ నవ్వాం. డిగ్రీలో ఆ ఘట్టం చదివినప్పుడు తరగతి అంతా నవ్వింది. కానీ పీజీకి వచ్చాక, సెమినార్‌లో నోరు పెగలక నిలబడ్డ రోజు, ఆ ఘట్టం మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి నవ్వు రాలేదు. వెంకటేశం మాట్లాడింది ఇంగ్లీషు కాదు. అయినా ఆ ఇంట్లో అది ఇంగ్లీషుగా చెల్లింది. పరీక్ష తప్పినవాడు ఇంటికి వస్తే ఒక గురువు కూడా వెంట వచ్చాడు. గిరీశానికి ఆ అరకొర ఇంగ్లీషు మీదే తిండి, బస, గౌరవం దొరికాయి. చాలామంది విమర్శకులు దీన్ని గిరీశం మాటకారితనంగా, గురజాడ హాస్య ప్రతిభగా చూశారు. ఆ ఇంగ్లీషు చెల్లడానికి వెనక ఒక కులం, ఒక ఇల్లు, ఒక నమ్మకం ఉన్నాయి. 'వీడు మావాడు, వీడికి వస్తుంది' అన్న నమ్మకం. నాటకం ఆ నమ్మకాన్ని వెక్కిరించింది, నిజమే. కానీ ఆ చదువు అగ్రహారం గడప దాటి మాలపల్లికి, మాదిగపల్లికి పోతే ఏమవుతుందన్న ప్రశ్న నాటకంలో లేదు, దాని మీద వచ్చిన విమర్శలోనూ మాకు పెద్దగా కనిపించలేదు.

దీనికి పక్కనే మా అనుభవం ఒకటి పెట్టి చూడండి. మాలో ఒకరు పీజీ మొదటి సెమిస్టర్‌లో రాసిన టర్మ్ పేపర్ ఎర్ర సిరాతో నిండి తిరిగి వచ్చింది. తప్పులున్నాయి, ఒప్పుకుంటాం. రెండో సెమిస్టర్‌లో అదే విద్యార్థి నెల రోజులు కష్టపడి, ఒక్కొక్క వాక్యం నలుగురికి చూపించుకుని, నాలుగుసార్లు తిరగరాసి ఇచ్చాడు. ఈసారి ఎర్ర గీతలు లేవు. పిలిచి ఒకే ప్రశ్న అడిగారు: 'ఇది ఎవరు రాసిచ్చారు?' తప్పు రాస్తే వీక్, ఒప్పు రాస్తే దొంగ. వెంకటేశానికి పట్టని ఈ గతి మాకెందుకు పట్టింది? తేడా ఇంగ్లీషులో లేదు, ఆ ఇంగ్లీషును వినే చెవిలో, చదివే కంటిలో ఉంది.

ఇది ఎన్నో భాష?

ఇంగ్లీషును 'రెండో భాష' అంటారు. మొదటి భాష తెలుగు అని అందరూ అనుకుంటారు. ఈ లెక్క ఎవరి ఇంటి లెక్క?

మా ఇంట్లో 'బువ్వ' తిన్నం, 'నాయిన'ను పిలిచినం, 'సదువు'కు పోయినం. బడిలో చేరిన మొదటి వారమే అది భోజనం, తండ్రి, చదువు అయింది. 'సదువు' అని పలికితే పంతులు మొత్తం తరగతి చేత నవ్వించాడు. అంటే మాకు రెండో భాష అక్కడే, ఒకటో తరగతిలోనే, తెలుగు పేరుతో మొదలైంది. తెలంగాణ పిల్లలకు ఇది ప్రాంతం వల్ల ఒకసారి, కులం వల్ల ఇంకోసారి జరిగింది. గోండి మాట్లాడే పిల్లలకు, లంబాడీ తండాల నుంచి వచ్చిన పిల్లలకు బడి తెలుగే పరాయి భాష. వాళ్లకు ఇంగ్లీషు మూడోదో, నాలుగోదో అవుతుంది. ఇంత మందిని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి అందరికీ ఇంగ్లీషు 'రెండో భాష' అనడం పాఠ్యప్రణాళిక చేసేవాళ్ల సౌకర్యం కోసమే.

ఇక పుస్తకాల తెలుగు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇంటర్, డిగ్రీ పాఠ్యపుస్తకాలు తెలుగులో వచ్చాయి. అది చిన్న పని కాదు. ఆ పుస్తకాలే లేకపోతే మాలో చాలామంది డిగ్రీ దాకా వచ్చేవాళ్లం కాదు. కానీ ఆ పుస్తకాల్లో ఉన్న తెలుగు ఏది? ఆర్థికశాస్త్రంలో 'క్షీణోపాంత ప్రయోజన సూత్రం' అని చదివాం. ఆకలి మీద ఉన్నవాడికి మొదటి రొట్టె ఇచ్చినంత తృప్తి ఐదో రొట్టె ఇవ్వదు అన్నదే దాని అర్థం. ఆకలి సంగతి మాకు ఒకరు చెప్పాలా? అయినా ఆ పేరు నోరు తిరగక బట్టీ పట్టాం. మూడేళ్ల తర్వాత పీజీలో అదే సూత్రం 'లా ఆఫ్ డిమినిషింగ్ మార్జినల్ యుటిలిటీ' అయి ఎదురొచ్చింది. ఇది పాత చుట్టమే అని గుర్తుపట్టడానికి మాకు నెల పట్టింది. ఒకే విషయాన్ని మూడుసార్లు నేర్చుకోవలసి వచ్చింది: ఇంటి అనుభవంగా ఒకసారి, సంస్కృతంగా ఒకసారి, ఇంగ్లీషుగా ఒకసారి. ఈ మూడింటినీ కలిపి చెప్పే పంతులు ఏ మెట్టు మీదా దొరకలేదు. మాకంటే ముందు ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు ఒక్కసారే నేర్చుకుని ముందుకు పోయాడు. అతను 'మెరిట్', మేము 'వీక్'.

తరగతి గదిలో 'మనం' ఎవరు?

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. వినేవాడిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట, 'వి'. వ్యాకరణంలో ఇది చిన్న విషయం. తరగతి గదిలో చిన్నది కాదు. ఒక అధ్యాపకురాలు పాఠం మధ్యలో, చిన్నప్పుడు 'వి' అందరం ఈనిడ్ బ్లైటన్ పుస్తకాలు చదివే పెరిగాం కదా అన్నారు. సగం తరగతి నవ్వుతూ తలూపింది. మేమూ తలూపాం. ఆ పేరు మనిషిదో ఊరిదో మాకు తెలియదు. తెలుగులో చెప్పి ఉంటే ఆ మాటలో మేము ఉన్నామో లేమో తేలిపోయేది. ఇంగ్లీషులో తేలలేదు. అలా తలూపడమే మాకు అలవాటైంది. తలూపినవాడికి అర్థమైందని అధ్యాపకులు అనుకుంటారు, పరీక్షలో అర్థం కాలేదని తేలుతుంది, అప్పుడు 'శ్రద్ధ లేదు' అంటారు.

తప్పుల సంగతి కూడా చూద్దాం. తెలుగులో నామవాచకం ముందు 'ఎ', 'ది' లాంటి మాటలు లేవు. అందుకని మా రాతలో అవి జారిపోతాయి, లేకుంటే అక్కర్లేని చోట వచ్చి కూర్చుంటాయి. తెలుగులో 'నాకు కోపం వచ్చింది' అంటాం, కోపమే వచ్చి మన మీద పడుతుంది. ఇంగ్లీషులో మనిషే కోపంగా ఉండాలి. తెలుగులో క్రియ చివరకు వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటే రావాలి. ఇవన్నీ తెలుగు మాట్లాడే ప్రతి మనిషికీ వచ్చే తప్పులు. వీటికి కులం లేదు. కాకపోతే కొందరికి ఈ తప్పులు ఐదేళ్ల వయసులో ఇంట్లోనే ఎవరో ముద్దుగా దిద్దారు. మాకు ఇరవై రెండో ఏట నలుగురి ముందు దిద్దారు. నేర్చుకోవడంలో కాదు, దిద్దిన వయసులో, దిద్దిన తీరులో కులం ఉంది.

ఉచ్చారణ కథ కూడా ఇంతే. 1958లో హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టారు. అది తర్వాత సీఫెల్ అయింది, 2007లో కేంద్ర విశ్వవిద్యాలయమై ఇఫ్లూ అయింది. అలాంటి సంస్థల్లో తయారైన అధ్యాపకుల ద్వారా, డేనియల్ జోన్స్ 1917లో తెచ్చిన ఉచ్చారణ నిఘంటువు లాంటి పుస్తకాల ద్వారా, ఇంగ్లండులో కొద్దిమంది పెద్దింటివాళ్లు పలికే పద్ధతి ఇక్కడి తరగతులకు కొలబద్ద అయింది. తెలుగువాళ్లం 'ఎగ్'ను 'యెగ్' అంటాం, 'ఓన్లీ'ని 'వోన్లీ' అంటాం, బస్ చివర ఉకారం చేర్చి బస్సు అంటాం. ఇది తెలుగు నాలుక స్వభావం. రిటైరైన పెద్ద కులాల ప్లీడరు 'యెమ్మే' అంటే పాతకాలపు పెద్దమనిషి అని మురిపెంగా చెప్పుకుంటారు. మా తోటి విద్యార్థిని 'యెమ్మే' అంటే క్యాంటీన్‌లో నెలరోజులు అనుకరించి నవ్వారు. ఆమె ఆ సెమిస్టర్ అంతా వైవాలకు తప్ప నోరు తెరవలేదు.

వైవా అంటే మాట మాత్రమే కాదు, మార్కులు. 2016లో యూజీసీ నిబంధనలు ఎం.ఫిల్, పీహెచ్.డీ ప్రవేశాల్లో రాత పరీక్షను అర్హతకే పరిమితం చేసి, ఎంపిక అంతా ఇంటర్వ్యూ మీద పెట్టాయి. గొడవ జరిగాక 2018లో దాన్ని రాతకు 70, ఇంటర్వ్యూకు 30 శాతంగా మార్చారు. ఆ మధ్య కాలంలో గడప దగ్గర ఆగిపోయినవాళ్లు ఎందరో. ముఖం చూసి, ఇంటిపేరు విని, ఇంగ్లీషు విని వేసే మార్కులకు మళ్లీ లెక్కింపు లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో దళిత, ఆదివాసీ విద్యార్థుల పరిస్థితి మీద సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన వేసిన కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక వైవాల్లో కులం ఆరా తీయడాన్ని నమోదు చేసింది. డాక్టరు చదువులోనే అలా ఉంటే, మాటలే సరుకైన సామాజిక శాస్త్రాల్లో చెప్పేదేముంది?

మేము ఎట్లా నేర్చుకున్నాం

అయినా మేము నేర్చుకున్నాం. ఎక్కడ నేర్చుకున్నామో చెప్పకపోతే ఈ వ్యాసం ఏడుపు మాత్రమే అవుతుంది.

రెమిడియల్ క్లాసులో నేర్చుకోలేదు. సాయంత్రం ఐదింటికి పెట్టే ఆ క్లాసుకు పోతే 'వీక్' అని ముద్ర వేయించుకున్నట్టే. అక్కడ మళ్లీ ఎనిమిదో తరగతి టెన్సులు, ఖాళీలు పూరింపుము. మాకు కావలసింది ఖాళీలు పూరించడం కాదు, మర్నాడు పొద్దున తరగతిలో చర్చించే ఇరవై పేజీల వ్యాసం అర్థం కావడం.

నేర్చుకున్నది హాస్టల్ గదిలో, రాత్రి భోజనాలయ్యాక. ఐదుగురం కూర్చుని తలా నాలుగు పేజీలు పంచుకునేవాళ్లం. నిఘంటువు మధ్యలో. ఎవరి పేజీలు వాళ్లు చదివి మిగతావాళ్లకు మన తెలుగులో చెప్పాలి. చెప్పలేకపోతే అర్థం కానట్టే. అన్న వరస సీనియర్ ఒకాయన వచ్చి 'ఏందిరా, ఈ వాక్యంల క్రియ యాడుంది, ముందు అది పట్టుకో' అనేవాడు. ఆ ఒక్క మాట ఏ వ్యాకరణ పుస్తకంలోనూ మాకు దొరకలేదు. అంబేద్కర్ 1936లో రాసిన 'కులనిర్మూలన' తెలుగు అనువాదాన్ని, ఇంగ్లీషు మూలాన్ని పక్కపక్కన పెట్టుకుని వాక్యం తర్వాత వాక్యం చదివాం. విషయం మాకు తెలిసినదే గనుక భాష భయపెట్టలేదు. మేము బయటికి మొదట రాసిన ఇంగ్లీషు టర్మ్ పేపర్ కాదు, కరపత్రం. స్కాలర్‌షిప్ ఆలస్యం మీద రాత్రికి రాత్రి రాసి, పొద్దున మెస్‌లో పంచింది. అందులో తప్పులు వెతికి నవ్వినవాళ్లున్నారు. కానీ రిజిస్ట్రార్ కార్యాలయానికి అర్థమైంది, డబ్బులు పడ్డాయి.

ఇక్కడ మా తప్పు కూడా మేము ఒప్పుకోవాలి. ఆ రాత్రి చదువులు మగపిల్లల హాస్టల్లోనే జరిగాయి. ఆడపిల్లల హాస్టల్ తలుపులు పెందలాడే మూసేవాళ్లు. మాతో సమానంగా పోరాటాల్లో ఉన్న విద్యార్థినులు ఆ చదువుకు దూరమయ్యారు. కరపత్రం రాసేది మేము, పంచేది వాళ్లు. లైబ్రరీలో పగలు కూర్చుందామని వాళ్లు అడిగితే 'పగలు టైం ఏది' అన్నాం. అగ్రహారం మాకు చేసిందే మేము వాళ్లకు చేశామని గుర్తించడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు కొన్ని గుంపులు పగటిపూట, అందరూ కలిసి చదువుతున్నాయి. అది వాళ్లు అడిగి సాధించుకున్నది, మేము ఇచ్చింది కాదు.

తెలుగు ప్రేమ ఎవరికి చేదు?

ఇంగ్లీషు కావాలని మా పెద్దలు ఈరోజు అనడం లేదు. సావిత్రిబాయి ఫూలే 1854లో తన తొలి కవితా సంపుటిలోనే ఇంగ్లీషు నేర్చుకొమ్మని శూద్రాతిశూద్రులకు చెప్పింది. జోతిరావు ఫూలే 1882లో హంటర్ కమిషన్ ముందు, కింది కులాల పన్నులతో పై కులాల పై చదువులు నడుస్తున్నాయని, ముందు జనానికి ప్రాథమిక విద్య ఇవ్వాలని నిలదీశాడు. బడిలో సంస్కృతం నేర్చుకోనివ్వకపోతే అంబేద్కర్ పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. ఆ సంస్కృత శాస్త్రాలను ఆయన తర్వాత ఇంగ్లీషులోనే కడిగి ఆరేశాడు. 1996లో కంచ ఐలయ్య 'నేను హిందువు నెట్లయిత?' వాదనను మొదట ఇంగ్లీషు పుస్తకంగానే దేశం ముందు పెట్టాడు.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం పెడతామని ఉత్తర్వు ఇచ్చినప్పుడు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు, తెలుగు చచ్చిపోతోందని చాలామంది రాశారు. అలా రాసినవాళ్లలో ఎంతమంది తమ పిల్లల్ని తెలుగు మీడియంలో చదివించారు? తెలుగును బతికించే బరువు కూలివాళ్ల పిల్లల నెత్తిన పెట్టి, ఇంగ్లీషు ఫలాలు తమ ఇళ్లకు చేర్చుకోవడాన్ని మేము భాషాభిమానం అనం.

అట్లాగని ఇంగ్లీషును దేవతను చేయడానికీ మేము సిద్ధంగా లేము. 2010లో ఉత్తరప్రదేశ్‌లోని బంకా గ్రామంలో చంద్రభాన్ ప్రసాద్ చొరవతో ఇంగ్లీషు దేవత గుడికి పునాది వేశారు. దాని వెనకున్న ఆవేశం మాకు తెలుసు. కానీ దేవత వరమిస్తే రావడానికి భాష వరం కాదు. చెప్పే పంతులు, చదివే పుస్తకం, తప్పు చేయనిచ్చే గది ఉంటే వస్తుంది. తెలంగాణ 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టింది. బోర్డు మారితే చాలదు. తెలుగులో చదువుకుని తెలుగులో చెప్పిన పంతుళ్లకు ఎంత శిక్షణ ఇచ్చారు, ఇంటి భాషను తరగతిలోకి రానిచ్చారా లేదా అన్న దాన్ని బట్టే ఆ పిల్లలు రేపు విశ్వవిద్యాలయంలో మాట్లాడతారా, తలూపుతారా అన్నది తేలుతుంది.

ఏం అడుగుతున్నాం

ఒకటి, మొదటి సెమిస్టర్‌లోనే, విడిగా 'వీక్' ముద్ర వేయకుండా, అందరికీ కలిపి, ఆయా శాస్త్రాల పాఠాలతోనే ఇంగ్లీషు చదవడం, రాయడం నేర్పాలి. రెండు, సెమినార్‌లో తెలుగులో మాట్లాడే హక్కు ఉండాలి. అర్థమైందా లేదా అన్నది ముందు, ఏ భాషలో అన్నది తర్వాత. మూడు, రాతలో విషయానికి, భాషకు మార్కులు విడివిడిగా వేసి చూపించాలి. నాలుగు, ఇంటర్వ్యూలో ఎందుకు ఎన్ని మార్కులు వేశారో రాతపూర్వకంగా చెప్పాలి. ఐదు, హాస్టల్ గదుల్లో నడిచిన చదువును అధ్యాపకులు వచ్చి చూసి, అక్కడి పద్ధతి నుంచి నేర్చుకోవాలి. ఆ చదువుకు లైబ్రరీలో, పగటిపూట, అమ్మాయిలకూ అందేలా గది ఇవ్వాలి.

చివరగా ఒక చిన్న సంగతి. మాలో ఒకరి ఇంటికి విశ్వవిద్యాలయం నుంచి మెస్ బకాయి నోటీసు పోయింది. ఇంగ్లీషులో ఉంది. తండ్రికి చదువు రాదు. ఊళ్లో ఇంగ్లీషు చదవగలిగిన దొర ఇంటికి పోయి, అరుగు కింద నిలబడి చదివించుకున్నాడు. సాయంత్రానికి ఆ బకాయి ఎంతో ఊరంతా తెలిసింది. 'నీ కొడుకు యూనివర్సిటీల తిండికి కూడ కట్టలేకపోతుండట' అన్నారు. తండ్రి ఫోన్ చేసి ఆ డబ్బుల గురించి ఏమీ అనలేదు. 'ఇంగ నుంచి ఆ కాయితాలు నువ్వే సదివి చెప్పు బిడ్డా' అన్నాడు. ఇంగ్లీషు మాకెందుకు కావాలని అడిగేవాళ్లకు మా దగ్గర ఇంతకంటే పెద్ద సిద్ధాంతం లేదు.